చిన్నబిడ్డలున్న యింట కుటుంబ ప్రార్థన

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4-9, మార్కు 10:13-16, 2 తిమోతి 1:3-5

ప్రియులారా, ఒక వారములో 168 గంటలు కలవు. మన బిడ్డ ఆదివారమున గుడిలో కూర్చుండునది గంటయో రెండు గంటలో. ఆదివారపు బడి జరుగు ఊరిలో మరియొక గంట. మిగిలిన గంటలన్నియు వాడు ఎవరియొద్ద గడుపుచున్నాడు? తల్లి చెంగు పట్టుకొని, తండ్రి వెంట పొలము గట్టున, నాయనమ్మ ప్రక్కలో, తోడి పిల్లలతో వీధిలో గడుపుచున్నాడు. పాస్టరుగారు నాలుగైదు గ్రామములను చూచుకొనుచున్న చోట్ల ఆయన మన గడప త్రొక్కుట నెలకొక పర్యాయమైనను దుర్లభము. కాబట్టి మన బిడ్డకు దేవుని సంగతి దినదినము చెప్పువారు మన యింటనే లేకపోయినయెడల, చెప్పువారు ఎవరును లేరన్నమాట.

ఇది చిన్న సంగతి కాదు. మన తాతలు బాప్తిస్మము పొందిన దినమున వారు విడిచినది ఏమో, పట్టుకొన్నది ఏమో వారికి తెలిసియుండెను. కొందరు దానికొరకు ఊరివారి మాటలు పడిరి, కూలి పోగొట్టుకొనిరి. వారి మనుమల పేర్లు సంఘపు రిజిస్టరులో ఉన్నవి. పండుగకు క్రొత్తబట్టలు ఉన్నవి. అయితే ప్రార్థన వారి నోట లేకపోయినచో, ఆ పేరు ఎంతకాలము నిలుచును? విశ్వాసము పొలమువలె పత్రము వ్రాసి అప్పగించునది కాదు. ప్రతి తరమువారు దానిని చెవితో విని, కంటితో చూచి, తమకై తాము చేపట్టవలెను.

1. ఇల్లే మొదటి బడి

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో మోషే తలిదండ్రులకు నాలుగు సమయములు చూపించెను: ఇంట కూర్చుండు వేళ, త్రోవను నడచు వేళ, పండుకొను వేళ, లేచు వేళ. ఈ నాలుగింటిలో ఒకటియు గుడిలోని సమయము కాదు. నాలుగును ఇంటి సమయములే, పని సమయములే. అన్నము తిని చాపమీద కూర్చున్నప్పుడు, చేనికి నడచునప్పుడు, బిడ్డను నిద్రపుచ్చునప్పుడు, తెల్లవారి లేపునప్పుడు దేవుని మాట మాటలాడుమని ఆయన చెప్పుచున్నాడు.

మరియొక సంగతి గమనింపుడి. నిర్గమకాండము 12:26లో పస్కా పండుగ ఆచరించునప్పుడు, బిడ్డలు దీని భావమేమని అడిగెదరనియు, అప్పుడు వారికి ఉత్తరము చెప్పవలెననియు వ్రాయబడియున్నది. యెహోషువ 4వ అధ్యాయములో యొర్దానునుండి తెచ్చి నిలిపిన పండ్రెండు రాళ్ల సంగతియు అట్లే. అనగా పెద్దలు ఒక పని చేయుదురు, బిడ్డ దానిని చూచి అడుగును, పెద్దలు చెప్పుదురు. బోధకు దేవుడు ఏర్పరచిన మార్గము ఇది. చూచుటకు ఇంట ఏమియు లేకపోయినయెడల బిడ్డ దేనిగూర్చి అడుగును?

క్రొత్త నిబంధన కాలములోను మొదట సంఘము కూడినది ఇండ్లలోనే. ప్రిస్కిల్ల అకులల యింట సంఘముండెనని రోమా 16:3-5 వలన తెలియుచున్నది. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఒంటరిగా బాప్తిస్మము పొందలేదు, తన యింటివారందరితో కూడ పొంది, వారితోకూడ సంతోషించెను (అపొ. కార్యములు 16:33-34).

2. మన పూర్వులు ఏమి చేసిరి?

1528లో మార్టిన్ లూథరుగారు సాక్సనీ దేశములోని పల్లె సంఘములను దర్శింపబోయి, అక్కడి ప్రజలకు పది ఆజ్ఞలుగాని ప్రభువు ప్రార్థనగాని సరిగా తెలియకుండుట చూచి మిక్కిలి దుఃఖించెను. అందుచేత 1529లో ఆయన ఒక చిన్న ప్రశ్నోత్తర గ్రంథము వ్రాసెను. దానిలోని ప్రతి భాగమును ఇంటి యజమానుడు తన యింటివారికి సులభముగా ఎట్లు నేర్పవలెనో ఆ విధముగా అమర్చెను. ఉదయ ప్రార్థన, సాయంకాల ప్రార్థన, భోజనపు ప్రార్థన కూడ దానిలో చేర్చెను. ఆయన ఆ పుస్తకమును పండితుల చేతికి మాత్రమే ఇయ్యలేదు. ఇంటి తండ్రి చేతికిచ్చెను. 1842లో హయ్యరుగారు గుంటూరు చేరినప్పటినుండి పెరిగిన లూథరను సంఘములలో ఆ చిన్న గ్రంథము అనేక కుటుంబములకు పరిచయమైనదే.

1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషేకింపబడి 1945లో నిద్రించువరకు సేవచేసిన అజరయ్యగారి కాలములో, ఆ ప్రాంతపు విశ్వాసులలో అనేకులకు అక్షరము రాదు. అయినను వారు ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను కంఠస్థము చేసిరి. బైబిలు కథలను కీర్తనలుగా పాడుకొని జ్ఞాపకముంచుకొనిరి. చదువు లేకపోవుట వారికి అడ్డము కాలేదు. నేడు మన యిండ్లలో బడికి పోవు బిడ్డలున్నారు, అచ్చైన బైబిలున్నది. అయినను దినమునకు పది నిమిషములు దొరకుటలేదనుచున్నాము. మనము ఆలోచింపవలసిన సంగతి ఇది.

3. నారుమడికి తగినంత నీరు

రైతు నారుమడికి దినదినము కొంచెముగా తడి పెట్టును. వారము దినములు ఎండగట్టి, ఏడవ దినమున కాలువ తెంచి వదలినయెడల నారు కొట్టుకొనిపోవును. చిన్నబిడ్డల ప్రార్థనయు అటువంటిదే. పెద్దల కూడికలో అరగంట ప్రార్థన నడచును. దానిని మూడేండ్ల బిడ్డమీద మోపకూడదు. చిన్నబిడ్డలున్న యింట అంతయు కలిసి పది నిమిషములు చాలును. అయితే అది ప్రతి దినము జరుగవలెను.

క్రమము ఇట్లుండవచ్చును:

మొదట ఒక పాట. మీకు తెలిసిన కీర్తనలో పల్లవియు ఒక చరణమును చాలును. వారమంతయు అదే పాట పాడుడి. వారము తిరుగులోగా బిడ్డకు నోటికి వచ్చును. చిన్నవాడు చప్పట్లు కొట్టినను, తాళము తప్పినను కోపపడవద్దు.

రెండవది ఒక కథ. బైబిలునుండి నాలుగైదు వచనములు చదివి, దానినే మీ సొంత మాటలతో, మన యింటి భాషలో చెప్పుడి.

మూడవది ఒక ప్రశ్న. "ఆ కాపరి ఎందుకు వెదకబోయెను?" అనునట్టి ప్రశ్న ఒకటే చాలును. బిడ్డ ఏమి చెప్పినను వినుడి.

నాలుగవది ప్రార్థన. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట. రెండేండ్ల బిడ్డ "యేసయ్యా, వందనాలు" అన్నయెడల ఆ దినమునకు వాని ప్రార్థన ముగిసినది. ఐదేండ్లవాడు ఒక కృతజ్ఞత, ఒక మనవి చెప్పగలడు. ఎనిమిదేండ్ల బిడ్డ పొరుగువారికొరకు ప్రార్థింపగలడు. చివర అందరును కలిసి ప్రభువు ప్రార్థన చెప్పవలెను.

వేళ ఏది? పొద్దున పాలు పితుకుట, వంట, బడి తొందర. కాబట్టి అనేకులకు సాయంకాలము అన్నము తినుటకు ముందు అనుకూలము. తిన్న తరువాత అనుకొన్నచో బిడ్డలు నిద్రపోవుదురు. మిరప కోతలకో పత్తి ఏరుటకో వేరే ఊరు వెళ్లి పాకలో నివసించు దినములలోను ఈ వేళను విడువకుడి. ఇల్లు మారినను వేళ మారనప్పుడు, దేవుడు మనతోకూడ వచ్చెనని బిడ్డ తెలిసికొనును.

4. చదువురాని తల్లి ఏమి చేయవలెను?

"మాకు అక్షరము రాదు, మేమేమి చెప్పగలము?" అని కొందరు తల్లులు వెనుకకు తగ్గుచున్నారు. అమ్మా, మీరు ఆదివారమున విన్న కథ ఒకటి మీకు జ్ఞాపకమున్నది గదా? దానినే చెప్పుడి. ఊరి కథలు, ముత్తవ్వల కథలు మీరు పుస్తకము చూచి చెప్పుచున్నారా? బడికి పోవు పెద్దబిడ్డ యున్నయెడల వానిచేత చదివించి, మీరు వివరింపుడి. నేడు చేతిలోని ఫోనులో బైబిలు చదివి వినిపించు ఏర్పాటు కూడ కలదు. అది మేలే. అయితే భాగము విన్న వెంటనే ఫోను ఆపి గూటిలో పెట్టుడి. ప్రార్థన వేళ టీవీ కూడ ఆపివేయవలెను. పది నిమిషములు ఇంటిలో యంత్రము పలుకక మనుష్యులు పలుకుట బిడ్డలకు ఆశ్చర్యముగా నుండును. ఆ ఆశ్చర్యము మంచిదే.

మరియొక బోధ మీ చేతిలోనే యున్నది. అన్నమునకు బియ్యము కొలుచునప్పుడు దేవునికని పిడికెడు బియ్యము వేరు కుండలో వేయు ఆచారము మన సంఘములలో అనేకచోట్ల కలదు. ఆ పిడికెడు మీరు వేయక బిడ్డచేత వేయింపుడి. చిన్న పిడికిలిలో పట్టునది కొంచెమే. అయినను మనము తినకముందే దేవుని భాగము తీయవలెనను పాఠము ఆ చేతికి తెలియును. ఆదివారమున ఆ బియ్యము గుడికి తీసికొనిపోవునప్పుడు కూడ వానినే మోయనియ్యుడి.

5. ఒక వారమునకు ఏడు కథలు

సోమవారము: తప్పిపోయిన గొఱ్ఱె (లూకా 15:3-7). మేకపిల్ల తప్పిపోయిన సాయంకాలము మన యింట ఎట్లుండునో బిడ్డలకు తెలియును. ప్రశ్న: దొరికినప్పుడు కాపరి గొఱ్ఱెను కొట్టెనా, భుజములమీద మోసెనా?

మంగళవారము: సముద్రముమీద తుఫాను (మార్కు 4:35-41). ప్రశ్న: నీకు దేనివలన భయము?

బుధవారము: చిన్నవాని ఐదు రొట్టెలు, రెండు చేపలు (యోహాను 6:1-13). అవి యవల రొట్టెలు, బీదల భోజనము. ప్రశ్న: యేసు ప్రభువునకు నీవు ఏమి ఇయ్యగలవు?

గురువారము: నయమాను ఇంటిలోని చిన్నది (2 రాజులు 5:1-14). చెరపట్టబడిన ఆ బాలిక తన యజమానికి మేలు కోరెను. ప్రశ్న: నిన్ను బాధపెట్టినవారికి నీవు మేలు కోరగలవా?

శుక్రవారము: మంచి సమరయుడు (లూకా 10:30-37). ప్రశ్న: మన వీధిలో ఈ దినమున సహాయము కావలసినవారెవరు? ఉత్తరము దొరికినయెడల మరునాడు బిడ్డను వెంటబెట్టుకొని వెళ్లి ఆ సహాయము చేయుడి.

శనివారము: బాలుడైన సమూయేలు (1 సమూయేలు 3:1-10). ప్రశ్న: దేవుడు పిలిచినప్పుడు సమూయేలు ఏమని ఉత్తరమిచ్చెను?

ఆదివారము: చిన్నబిడ్డలను ఎత్తికొనిన ప్రభువు (మార్కు 10:13-16). ఆ దినమున గుడిలో విన్నది ఏదైన ఒక మాట ప్రతివాడును చెప్పవలెను. పెద్దలును చెప్పవలెను!

మరుసటి వారము ఇవే కథలు తిరిగి చెప్పినను నష్టము లేదు. పెద్దలకు విసుగు పుట్టినను బిడ్డలకు పుట్టదు. తెలిసిన కథను మరల వినుట వారికి ఇష్టము.

6. చేయకూడనివి

ప్రార్థనను శిక్షగా చేయకుడి. "అల్లరి చేసితివి గనుక మోకాళ్లమీద ఉండుము" అన్నచో, మోకరించుట శిక్ష అని బిడ్డ మనస్సులో పడును.

దేవునితో మాటలాడుచున్నట్లు నటించి బిడ్డకు బుద్ధి చెప్పకుడి. "ప్రభువా, వీడు ఈ దినమున చెల్లెలిని కొట్టినాడు, బడి ఎగవేసినాడు" అని అందరియెదుట ప్రార్థించుట బిడ్డను సిగ్గుపరచుటయే. చెప్పవలసిన బుద్ధిని ప్రక్కకు పిలిచి ప్రేమతో చెప్పుడి. ప్రార్థనలో వానికొరకు దీవెన అడుగుడి.

కదిలిన బిడ్డను మొట్టకుడి. ప్రభువు యొద్దకు బిడ్డలను తెచ్చినప్పుడు అడ్డగించినవారు పరులు కారు, ఆయన శిష్యులే. ఆయన కోపపడినది ఆ పెద్దలమీదనే గాని కదిలిన బిడ్డలమీద కాదు.

ప్రార్థనలో ఒక మాట, తరువాత ఒక నడత వద్దు. ఆమేనని లేచిన వెంటనే తండ్రి తల్లిని తిట్టినయెడల, బిడ్డ పది నిమిషముల బోధను మరచి ఆ తిట్టును నేర్చుకొనును. ఎఫెసీ 6:4లో పౌలు తండ్రులకు వ్రాసిన మాటలలో హెచ్చరిక మొదట వచ్చినది: బిడ్డలకు కోపము రేపవద్దు. బోధ దాని వెనుక వచ్చినది. ఆ వరుసను మనము తారుమారు చేయకూడదు.

ఏలీ గతి మనకు హెచ్చరిక. ఆయన మందిరములోనే నివసించెను. సమూయేలునకు దేవుని స్వరమునకు ఉత్తరమిచ్చుట నేర్పెను. అయితే తన కుమారులను అడ్డగింపలేదు (1 సమూయేలు 3:13). పరుల బిడ్డలకు నేర్పి సొంత బిడ్డలను విడిచిపెట్టు అపాయము సంఘపెద్దలకును, ఆదివారపు బడి ఉపాధ్యాయులకును, పాస్టరుగారి యింటికిని కలదు.

7. కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడు

బిడ్డలు కొన్ని ప్రశ్నలు అడుగుదురు. "నాయనమ్మకొరకు దినమును ప్రార్థించితిమి గదా, ఆమె ఎందుకు చనిపోయెను?" ఇట్టి ప్రశ్నకు "ఊరకుండుము, అట్లు అడుగరాదు" అని నోరు మూయించకుడి. "నీవు సరిగా ప్రార్థింపలేదు" అని ఎన్నడును అనకుడి. ఆ మాట పసిమనస్సును జీవితాంతము పొడుచును.

లాజరు సమాధియొద్ద యేసు కన్నీళ్లు విడిచిన సంగతి (యోహాను 11:35) చెప్పుడి. దేవుడు మన ప్రార్థన విననందున ఆమె చనిపోలేదు. ప్రభువు మనతోకూడ ఏడ్చుచున్నాడు. ఆయన లేచినవాడు గనుక ఆమెను మరల చూచెదము అని చెప్పుడి. మిగిలినదానికి "నాకును తెలియదు నాయనా, మనము కలిసి ప్రభువును అడుగుదము" అనుట అవమానము కాదు. తెలియని సంగతిని పట్టుకొని దేవునియొద్దకు పోవచ్చునని ఆ దినమున బిడ్డ నేర్చుకొనును.

8. తండ్రి కూర్చుండని యింట

ఈ పాఠము చదువుచున్న కొందరు తల్లుల మనస్సులో ఒక బాధ యున్నది. "మా యింట ఆయన ప్రార్థనకు రాడు. కొన్ని సాయంకాలములు త్రాగి వచ్చును. నేనొక్కదానను ఏమి చేయగలను?"

అమ్మా, తిమోతి యింటిని చూడుడి. తల్లి యూదురాలు, విశ్వాసి, తండ్రి గ్రీసు దేశస్థుడు (అపొ. కార్యములు 16:1). ఆ తండ్రి ప్రార్థన చేసెనని లేఖనములో ఎచ్చటను లేదు. అయినను అవ్వయైన లోయి, తల్లియైన యునీకే కలిసి బాల్యమునుండి ఆ పిల్లవానికి పరిశుద్ధ లేఖనములు నేర్పిరి (2 తిమోతి 1:5, 3:15). ఆ యిద్దరు స్త్రీల యింటినుండి పౌలునకు సహపనివాడు లేచెను. కాబట్టి మీరును బిడ్డయు ఇద్దరే యున్నను కూర్చుండుడి. ఇద్దరు ముగ్గురు కూడిన చోట ప్రభువు ఉండునన్న వాగ్దానమునకు (మత్తయి 18:20) మీ యిల్లు చాలినదే. ఆయన ఇంటికి రాకముందు వేళను ఎన్నుకొనుడి. తండ్రిని దూషించుచు ప్రార్థింపకుడి. బిడ్డచేత "మా నాయనను దీవించుము" అనిపింపుడి. అత్తగారో అమ్మగారో విశ్వాసియైనయెడల ఆమెను కలుపుకొనుడి. ఇంట కొట్టుట, హింస జరుగుచున్నయెడల దానిని మౌనముగా భరించుట భక్తి అని తలంపవద్దు. పాస్టరుగారితోను నమ్మకమైన పెద్దలతోను చెప్పి, మీకును బిడ్డలకును క్షేమమును వెదకుకొనుడి.

తండ్రులారా, మీకు ఒక మాట. బిడ్డలు దేవుని "తండ్రీ" అని పిలుచుట నేర్చుకొనుచున్నారు. ఆ మాట పలికినప్పుడు మొదట వారికి తోచు ముఖము మీదే. ఆ ముఖము ఎట్లున్నది?

9. ఎప్పుడు మొదలుపెట్టవలెను?

మంచి దినముకొరకు కనిపెట్టకుడి. ఈ రాత్రియే చాప పరచి, బిడ్డలను పిలిచి, ఒక చరణము పాడి, ఒక కథ చెప్పి, ప్రభువు ప్రార్థనతో ముగింపుడి. మొదటి దినమున బిడ్డలు నవ్వుదురు. మూడవ దినమున మీకు అలసట తోచును. ఒక దినము తప్పినయెడల మరునాడు మరల కూర్చుండుడి, తప్పినదానికొరకు మానివేయకుడి. కొన్నాళ్లకు మీరు మరచినను చిన్నవాడే చాప తెచ్చి పరచును.

యెహోషువ వృద్ధాప్యములో ప్రజలందరియెదుట తన యింటివారి పక్షముగా ఒక తీర్మానము చెప్పెను (యెహోషువ 24:15). ఊరంతయు ఏమి చేయునో ఆయన చేతిలో లేదు. తన యింటి సంగతి ఆయన చెప్పగలిగెను. మనమును అంతమాత్రము చెప్పగలము.

కూడికలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మీ యింట అందరును కలిసియుండు వేళ ఏది? ఆ వేళను ఇప్పుడు ఏది తీసికొనుచున్నది?
2. మీ చిన్నతనములో మీకు మొదట ప్రార్థన నేర్పినవారెవరు? ఎట్లు నేర్పిరి?
3. మన సంఘములో ఒంటరిగా బిడ్డలను పెంచుచున్న తల్లుల యింట వారమునకొక సాయంకాలము తోడుగా కూర్చుండుటకు ఎవరు వెళ్లగలరు?

బిడ్డలు చెప్పదగిన ప్రార్థన

యేసయ్యా, ఈ దినమున మాకు అన్నమిచ్చినావు, వందనాలు. అమ్మను, నాయనను, తాతయ్యను, అవ్వను కాపాడుము. జబ్బుగా ఉన్నవారిని బాగుచేయుము. నేను చేసిన తప్పు క్షమించుము. రాత్రి మాతో ఉండుము. ఆమేన్.